ఆ ఐతారం, కోటిలింగాల దాకా

ఎనభైల మొదట్లో మా బడి పిల్లల్ని కరీంనగర్ నుంచి హైదరాబాద్ టూరు తీసుకుపోయారు. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో అద్దాల పెట్టె ముందు అందరం వరుస కట్టి నిలబడ్డాం. లోపల ఈజిప్టు మమ్మీ. పేరు నైషు, రాకుమారి అన్నారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెప్పించాడట. ఏడో నిజాం చేతికి వచ్చి, 1930లో మ్యూజియానికి చేరిందట. నల్లబడ్డ ఆ ముఖం చూసి నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

తిరుగు ప్రయాణంలో మా సోషల్ సారు బస్సులో లేచి నిలబడి అన్నారు: "ఆమెను చూడనీకి ఇంత దూరం వచ్చినం. ఆమె లెక్క పాతకాలపోళ్లు మన సుల్తానాబాద్ పక్కన్నే పండుకొని ఉన్నరు. వచ్చే ఐతారం చూపెడత."

చెప్పినట్టే ఆ ఐతారం పొద్దున్నే మెటాడోరు వ్యాను మాట్లాడారు. పది పన్నెండు మందిమి. గిన్నెల్లో పులిహోర, జొన్నరొట్టె, తొక్కు.

మొదట ఆగింది పెద్దబంకూరు దగ్గర. అంతకు కొన్నేళ్ల ముందు పురావస్తు పరిశోధకుడు వి.వి. కృష్ణశాస్త్రి గారి బృందం అక్కడ తవ్వకాలు చేసింది. శాతవాహనుల నాటి ఇటుక గోడలు, కమ్మరి కొలిమి, మట్టి ఓరలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన బావులు, వేల కొద్దీ నాణేలు బయటపడ్డ చోటు. ఒక బావి అంచున కూర్చోబెట్టి, "రెండు వేల ఏండ్ల కింద ఒకామె ఈడ నీళ్లు చేదుకున్నది, బిందె ఎక్కడ పెట్టిందో చూడుండ్రి" అన్నారు సారు. మేం నిజంగానే వెతికాం.

అక్కడి నుంచి కదంబాపూర్ వైపు. చేన్ల మధ్య, పరంపోగులో, పెద్ద పెద్ద గుండ్లు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. ఊళ్లో వాళ్లు రాకాసి గుళ్లు అంటారు. రాక్షసులు తప్ప ఇంత రాయి ఎవరు మోస్తారని వాళ్ల లెక్క. గొర్లు కాసే ముసలాయన ఒకరు మాతో పాటే వచ్చి, ఆ గుండ్ల నడుమ కూర్చుంటే పిల్లలకు జ్వరం వస్తుందని హెచ్చరించాడు. అవి సమాధులు. ఇనుము మనకు కొత్తగా చేతికొచ్చిన కాలం నాటివి. నలుపూ ఎరుపూ కుండలు, ఇనుప కత్తులు, బల్లేలు చనిపోయినవారి పక్కన పెట్టి, పైన రాళ్లు కప్పేవారు. పోయినవాళ్లకు అక్కడా ఆకలేస్తుందనీ, ఆయుధం కావాలనీ నమ్మడం నైలు నది ఒడ్డునే కాదు, మా మానేరు పక్కనా ఉంది. సారు మాచేత ఒక్కో వలయం చుట్టూ అడుగులు లెక్కపెట్టించి, నోటుబుక్కులో గీయించారు. ఆ నోటుబుక్కు ఇల్లు మారినప్పుడు పోగొట్టుకున్నాను. ఇప్పటికీ దాని కోసమే నాకు ఎక్కువ బాధ.

ధూళికట్ట దగ్గర ఎండ మండిపోతోంది. మట్టికోట కట్టలు, బౌద్ధ స్తూపం, సున్నపురాతి పలకలు. పడగలు విప్పిన ముచలింద నాగరాజు శిల్పం దొరికింది అక్కడే.

పొద్దు గూకే ముందు కోటిలింగాల చేరాం. పెద్దవాగు గోదావరిలో కలిసే చోటు. ఒడ్డున కోటేశ్వరస్వామి గుడి, అవతలి గట్టు అప్పటి ఆదిలాబాద్ జిల్లా. ఇవతల ఊరి పక్క గడ్డంతా పాత పట్నమే. ఎక్కడ కాలు పెట్టినా పెంకులు, ఇటుక ముక్కలు. ఇక్కడ దొరికిన నాణేలను ధర్మపురి సంగనభట్ల నరహరిశర్మ గారు ఓపికగా పోగుచేయబట్టి, శాసన పండితులు పరబ్రహ్మశాస్త్రి గారు చదవబట్టి, మొదటి శాతవాహన రాజు సిముకుడి నాణేలు, అంతకు ముందటి గోబద, సమగోప వంటి రాజుల పేర్లు లోకానికి తెలిశాయి. మేం వెళ్లిన రోజు ఒక పిల్లవాడు పిడికిలి విప్పి పచ్చగా చిలుం పట్టిన బిళ్ల చూపించాడు. సారు దాన్ని చాలాసేపు చూసి, "దీన్ని అమ్ముకోకు బిడ్డా" అని మళ్లీ వాడి చేతిలోనే పెట్టారు.

ఇప్పుడు వాటిలో ఏం మిగిలింది? కాకతీయ కాలువ నీళ్లు వచ్చాక చేన్లు వరి మడులయ్యాయి. ట్రాక్టరుకు అడ్డం వచ్చిన గుండ్లను రైతు తీసేశాడు. కడుపు కోసం తీసిన రైతును నేను తప్పుపట్టను. కానీ కరీంనగర్ చుట్టూ గుట్టలకు గుట్టలే గ్రానైట్ పలకలై ఓడలెక్కి పోయాయి, అది ఎవరి ఆకలి తీర్చడానికీ కాదు. తర్వాత గోదావరి మీద ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టారు. ఇరవై టీఎంసీల నీళ్లు. కోటిలింగాలలో తవ్వింది కొంతే. తవ్వని గడ్డ మీదికి ఆ నీళ్లు ఎక్కాయి.

నీళ్లు వద్దని ఎవరంటారు? ఈజిప్టు వాళ్లకూ ఆస్వాన్ ఆనకట్ట కావాల్సి వచ్చింది. అయినా 1964 నుంచి 1968 దాకా ప్రపంచ దేశాల సాయంతో అబూ సింబెల్ గుళ్లను రాయి రాయిగా కోసి, అరవై ఐదు మీటర్లు పైకి తీసుకుపోయి మళ్లీ కట్టుకున్నారు. ఏటా రెండు సార్లు గర్భగుడిలోకి వచ్చే సూర్యకిరణం కొత్త చోటుకూ వచ్చేట్టు చూసుకున్నారు. మన జైనథ్ గుళ్లో కూడా ఏటా కొన్ని పొద్దులు ఎండ లక్ష్మీనారాయణుడి పాదాలు తాకుతుంది కదా, ఆ చూపు విలువ ఆదిలాబాద్ వాళ్లకు తెలుసు. అలా తరలించి కాపాడుకోవడం మనకూ చేతకానిది కాదు. నాగార్జునసాగర్ నీళ్లు రాకముందు నాగార్జునకొండను ఏళ్ల తరబడి తవ్వి, కట్టడాలను కొండ మీదికి చేర్చాం. శ్రీశైలం ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరుణ్ని ఆలంపురం తెచ్చుకున్నాం. కోటిలింగాలకు ఆ భాగ్యం దక్కలేదు.

సారు లేరు. ఆ చేన్ల దారి గుర్తుపట్టగలిగిన వాళ్లం నలుగురైదుగురం మిగిలాం. ఇది చదువుతున్న మీది పెద్దపల్లో, జగిత్యాలో, మంచిర్యాలో అయితే ఒక పని చేయండి. మీ ఊళ్లో రాకాసి గుళ్లు ఏ చేనులో ఉండేవో మీ తాతను అడగండి. సర్వే నంబరుతో సహా కాగితం మీద రాసిపెట్టండి. ఆయన ఉండగానే అడగండి.