తప్పిన వ్యాసం

మా ఇంట్లో ‘రాగి’ అంటే ఇద్దరికి రెండు అర్థాలు. నాన్నవాళ్ళమ్మ, అంటే మా అజ్జిది కన్నడం. ఆమెకు రాగి అంటే ముద్ద చేసుకునే రాగులే. అమ్మవాళ్ళ నాన్న, మా తాతది తెలుగు. ఆయనకు రాగి అంటే బిందెలు చేసే రాగి, అజ్జి దాన్ని ‘తామ్ర’ అంటుంది. పోయిన ఎండాకాలం సెలవుల్లో తాత “సిరుగుప్పకు పోయి రాగి పైపు తేవాల” అంటే, అజ్జి పొయ్యికాడ కూర్చుని ఒకటే నవ్వు. రాగితో సంగటి చేస్తారు గానీ పైపు చేస్తారా అని.

ఆ పైపు బాయిలరుకు. తాత ఒక ఆవిరి ఇంజను చేస్తున్నాడు. రెండు అరచేతుల్లో పట్టేంత చిన్నది.

మాది కెంచనగుడ్డ, బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకా. ఒక పక్క తుంగభద్ర, మిగతా పక్కలంతా వరిమళ్ళు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోతే, మా సిరుగుప్ప మైసూరు రాష్ట్రానికి వచ్చింది. మా ఇంట్లో మాత్రం ఆ పంపకం ఇంకా తెగలేదు. వంటింట్లో కన్నడం, వసారాలో తెలుగు. వెనక రేకుల షెడ్డులో ఈ రెండూ కాని ఇంకో భాష ఉంది. చక్కు, టూలు, బోరు, డయా, వెర్నియరు. తాత ఆ భాష గుంతకల్లు లోకో షెడ్డులో నేర్చుకున్నాడు. అక్కడ ఫిట్టరుగా చేరినప్పుడు బొగ్గింజన్లు, రిటైరయ్యేటప్పటికి డీజిల్లు. మన దేశంలో ఆవిరి రైలింజన్ల తయారీ 1972లోనే ఆగిపోయిందట. ఉన్నవాటిని బాగుచేసుకుంటూ ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా నడిపారు. ఆ బాగుచేసేవాళ్ళలో మా తాత ఒకడు. అవ్వ పోయాక మా ఇంటికొచ్చేస్తూ ఒక ట్రంకు పెట్టె, మూడడుగుల సెకండ్‌హ్యాండు లేతు మిషను తెచ్చుకున్నాడు.

ఆయనకు ఒక కంటికి శుక్లాల ఆపరేషను అయింది, ఇంకోటి కావాలి. చేతులు బాగానే ఉన్నాయి గానీ డయలు మీద గీతలు కనపడవు. అందుకని నన్ను పిలిచాడు. జడ ముడేసుకుని, చున్నీ తీసి కొయ్యకు తగిలించి, గాజులు తీసి గూట్లో పెడితేనే షెడ్డులోకి రానిచ్చేవాడు. తిరిగే చక్కు గుడ్డను పట్టిందంటే మనిషిని వదలదు. బోసి చేతులు చూసి అజ్జి రోజూ గొణిగేది. పెళ్ళి కావాల్సిన పిల్ల గాజులు తీయడమేందని. ఇద్దరి మధ్యా నేను. షెడ్డులో తీసి, వంటింట్లోకి పోయేముందు వేసుకునేదాన్ని.

ఈ ఇంజనులో సిలిండరే అటూఇటూ ఊగుతుంది. దాని పక్కన ఒక చిన్న రంధ్రం. ఊగి ఒక పక్కకు వచ్చినప్పుడు ఆ రంధ్రం ఆవిరి వచ్చే దారికి ఎదురవుతుంది, పిస్టనును తోస్తుంది. రెండో పక్కకు పోయినప్పుడు బయటికి పోయే దారికి ఎదురవుతుంది, పనైపోయిన ఆవిరి బయటికొస్తుంది. వేరే వాల్వు అక్కర్లేదు. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాకు రెండు నెలలు పట్టింది. సిలిండరు కోసం ఇత్తడి కడ్డీ ముక్కను గుజిరీ అంగట్లో కిలో లెక్కన కొన్నాడు తాత. ఫ్లైవీలుకు పోతపోసిన పాత పుల్లీ దొరికింది. దాన్ని చెక్కుతుంటే వచ్చే నల్లపొడి ముక్కుల్లో, వేళ్ళ సందుల్లో, అన్నంలో కూడా. ఇత్తడైతే బంగారం రజను మాదిరి రాలుతుంది. నాకు ఇత్తడి పనే ఇష్టం.

పిస్టను ముందే చేసేశాం, సరిగ్గా 12 మిల్లీమీటర్లు. దానికి సరిపోయేలా సిలిండరుకు బోరు కొట్టాలి. ఆ రోజు బోరు 11.8 దాకా వచ్చింది. ఇంకా 0.2 తీయాలి. అప్పుడే తాతకు ఫోనొచ్చి బయటికి పోయాడు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. నేనే చేసేస్తే మెచ్చుకుంటాడు కదా అనుకున్నా. డయలు మీద ఒక గీతకు టూలు 0.05 జరుగుతుంది. 0.2కు నాలుగు గీతలు. నాలుగూ జరిపేశా.

టూలు 0.2 జరిగితే ఒక పక్కన 0.2 పోతుంది. ముక్క తిరుగుతుంది కాబట్టి ఆ పక్కనా అంతే పోతుంది. అంటే డయాలో 0.4. తాత ఈ మాట నాకు మొదటి రోజే చెప్పాడు. ఎనిమిదో తరగతి లెక్కల్లో వ్యాసార్ధం, వ్యాసం అని మనమంతా చదివిందే. తెలుగులో వ్యాసం అన్నా నేను తప్పే రాస్తానని ఇక్కడ కొందరు స్నేహితురాళ్ళు అనబోతున్నారు, తెలుసు.

వెర్నియరు పెట్టి చూస్తే 12.2. పిస్టను వేస్తే ఇటునుంచి వేసింది అటునుంచి బల్ల మీద ‘టక్’మని పడింది.

తాత వచ్చి “ఎంతొచ్చింది పాపా?” అన్నాడు.

“పన్నెండు, తాతా.”

ఆయన చూసుకోలేడు. నేను చూసి చెబుతానని కదా నన్ను పెట్టుకుంది. ఆ సంగతి నోట్లోంచి అబద్ధం వచ్చేశాక తట్టింది. “శానా బాగా చేసినావ్” అని తల నిమిరాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మరుసటి రోజంతా తలనొప్పని షెడ్డుకే పోలేదు. మూడో రోజు పోయేసరికి తాత సిలిండరు ఒక చివర బొటనవేలితో మూసి, పిస్టను లోపలపెట్టి లాగుతున్నాడు. సరిపోయిన పిస్టనైతే లాగినప్పుడు వేలిని లోపలికి పీలుస్తుంది. ఇది పీల్చలేదు. రెండుసార్లు చేశాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

“నిజంగా ఎంత?”

“పన్నెండు పాయింటు రెండు.”

చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “బోరు పెద్దదైతే ఇంకో పిస్టను చేసుకోవచ్చు. రైలింజన్ల సిలిండర్లు అరిగిపోతే మేం చేసేది అదే కదా, మళ్ళీ బోరు కొట్టి పెద్ద పిస్టను వేస్తాం. నువ్వు లెక్క తప్పు చెప్తే మాత్రం నేనేం చేసేది? నాకు కండ్లు యాడున్నాయి?” గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది.

పాత పంపు బుష్షు ఒకటి తీసి చేతికిచ్చాడు. గన్‌మెటల్. కొత్త పిస్టను మొత్తం నేనే చేయాలన్నాడు. ప్రతి కోతకూ కొలత పైకి చదవాలి, ఆయన స్టూలు మీద కూర్చుని వింటాడు. 12.6, 12.4, 12.3. ఆ తర్వాత సన్న ఎమరీ కాగితం, చివరికి మెటల్ పాలిషు రాసి సిలిండరులోనే అటూఇటూ ఆడించడం. ఆ ఆడించడమే రెండు సాయంత్రాలు పట్టింది.

కాలేజీకి వచ్చాక లైబ్రరీలో జేమ్స్ వాట్ గురించి వెతికి చదివా. చిన్నప్పుడు పాఠంలో చదివిన కెటిల్ మూత కథ ఉత్త కథేనట. ఆయన 1769లో పేటెంటు తీసుకున్నాడు గానీ, అనుకున్నంత గుండ్రంగా సిలిండరు చేసిచ్చేవాడు దొరక్క ఏళ్ళు గడిచాయి. సందుల్లో నూనె గుడ్డలు, పాత టోపీ ముక్కలు కుక్కి చూశాడట. 1774లో విల్కిన్‌సన్ అనే ఇనుప వ్యాపారి ఫిరంగుల కోసం కొత్త బోరు మిషను చేశాడు, దాని తర్వాతే వాట్ ఇంజనుకు సరైన సిలిండర్లు దొరికాయి. 50 అంగుళాల సిలిండరులో ఎక్కడా పాత షిల్లింగు బిళ్ళ మందమంత తేడా కూడా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ సంబరపడ్డాడట. షిల్లింగు మందమంటే మిల్లీమీటరు అటూఇటూ ఉంటుందేమో. నా 0.2 అంతకంటే తక్కువే కదా అని తాతకు ఫోను చేసి చెప్పా. “వాళ్ళ సిలిండరు యాబై అంగుళాలు, నీది అర అంగుళం కూడా లేదు” అని పెట్టేశాడు.

నేను హాస్టలుకు వచ్చే ముందురోజు బిగించాం. బాయిలరు ఇంకా కాలేదు. దాన్ని నీళ్ళతో నింపి, పనిచేసే ఒత్తిడికి రెండింతలు పంపు కొట్టి పరీక్షించకుండా మంట పెట్టనివ్వడు తాత. అందుకని సైకిలు పంపుతో గాలి కొట్టాం. నేను కొడుతున్నా, తాత ఫ్లైవీలును వేలితో తిప్పాడు. రెండుసార్లు ఆగింది. మూడోసారి పట్టుకుంది. టుక్ టుక్ మని, తర్వాత విడివిడిగా వినపడనంత వేగంగా.

అజ్జి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. “ఇదు అన్న మాడ్తైతేను?” అంది. అన్నం వండుతుందా అని.

“లేదు వదినా, ఉత్తగా తిరుగుతుంది” అన్నాడు తాత తెలుగులో.

అజ్జి ఇంకాసేపు అక్కడే నిలబడింది. నా చేతులకు గాజులు లేవని ఆ రోజు గమనించలేదు, గమనించినా అనలేదు. తాత తన చెవిని ఇంజను దగ్గరికి వంచి, “ఎంత తిరుగుతుందో లెక్కపెట్టు పాపా” అన్నాడు. వాచీ చూసి పావు నిమిషం లెక్కపెట్టా. మధ్యలో తప్పా.

“తప్పినాను తాతా, మళ్ళీ కొడతా ఉండు” అని పంపు అందుకున్నా.