ఏమీ జరగని రాత్రి

దక్షిణ ధ్రువంలో ఒక ఉద్యోగం ఉంది. ఏటా ఇద్దర్ని తీసుకుంటారు. అమెరికాలో విస్కాన్సిన్-మాడిసన్ యూనివర్సిటీ వాళ్ళు ప్రకటన వేస్తారు. పని వివరాలు చదివితే మన బెంగళూరు, హైదరాబాదు జాబ్ పోస్టింగుల్లాగే ఉంటాయి. సర్వర్లు నడుస్తున్నాయో లేదో చూడాలి, పాడైతే బాగు చెయ్యాలి, అర్ధరాత్రి అలారం మోగితే లేవాలి. నేను పదేళ్ళ పైబడి చేస్తున్న పని అదే. తేడా అంతా షరతుల్లో ఉంది. ఫిబ్రవరి మధ్యలో చివరి విమానం వెళ్ళిపోతుంది. మళ్ళీ అక్టోబరు చివరకో నవంబరుకో విమానం వచ్చేదాకా అక్కడినుంచి కదలడానికి లేదు.

ఆ ప్రకటనని మూడేళ్ళుగా బ్రౌజర్‌లో ఒక ట్యాబ్‌గా తెరిచే ఉంచాను. ఈ వ్యాసం ఆ ట్యాబ్ గురించి.

ఆ చోటు పేరు ఐస్‌క్యూబ్. అముండ్‌సెన్-స్కాట్ స్టేషన్‌కి కిలోమీటరు దూరంలో, సముద్రమట్టానికి 2,835 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మార్చిలో మునిగిన సూర్యుడు మళ్ళీ సెప్టెంబరులో వస్తాడు. చలికాలంలో -60 డిగ్రీలు మామూలే. 1982 జూన్ 23న -82.8 దాకా పడిపోయింది. స్టేషన్ మొత్తంలో చలికాలం ఉండేది నలభై మంది చిల్లర. నీళ్ళు కావాలంటే మంచు కరిగించాలి, మంచు కరగాలంటే ఎక్కడినుంచో మోసుకొచ్చిన ఇంధనం కాలాలి. అందుకని వారానికి రెండే స్నానాలు, అవీ రెండేసి నిమిషాలు. ఎండాకాలం ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టిన ఊళ్ళలో పెరిగినవాళ్ళకి ఈ లెక్క కొత్తగా ఏం అనిపించదు. చివరి విమానం వెళ్ళిన రోజు అందరూ కూర్చుని జాన్ కార్పెంటర్ తీసిన 'ది థింగ్' చూడటం అక్కడ ఆనవాయితీ. అంటార్కిటికా స్థావరంలో చిక్కుకున్న మనుషుల్ని ఒక్కొక్కర్నీ ఏదో మింగేసే సినిమా అది. ఆ జనానికి హాస్యం ఉందని ఆ ఒక్క విషయంతోనే తెలిసిపోతుంది.

ఐస్‌క్యూబ్ అంటే పైన కనిపించే భవనం కాదు, కింద ఉన్న మంచు. వేడినీళ్ళతో మంచులో 86 లోతైన బావులు దింపారు. ఒక్కో దాంట్లో తీగకి కట్టిన 60 గాజు గోళాలు వేలాడతాయి. ఒక్కోటీ ఓ మోస్తరు గుమ్మడికాయంత ఉంటుంది. మొత్తం 5,160. 1,450 మీటర్ల లోతు నుంచి 2,450 మీటర్ల దాకా, ఒక ఘన కిలోమీటరు మంచు నిండా పరుచుకుని ఉన్నాయి. ఆ 86 తీగల్లో చివరిది 2010 డిసెంబరులో దిగింది. నీళ్ళు మళ్ళీ గడ్డకట్టాక ఆ గోళాలు అక్కడే శాశ్వతం. ఇక బయటికి తీసి రిపేరు చేద్దామన్నా కుదరదు.

ఇదంతా న్యూట్రినోల కోసం. వాటికి విద్యుదావేశం లేదు, బరువు ఉన్నా లేనట్టే. ఒక్క సూర్యుడి నుంచే మన బొటనవేలి గోరంత జాగాలోంచి ప్రతి సెకనూ వేల కోట్లు దూసుకుపోతుంటాయి, మనకి తెలియను కూడా తెలియదు. ఎప్పుడో ఒకటి మంచులోని పరమాణువుకి గుద్దుకుంటుంది. అప్పుడు పుట్టిన కణం, ఆ మంచులో వెలుతురు నడిచే వేగాన్ని మించి పరిగెడుతూ నీలం రంగు మెరుపు విడుస్తుంది. గోళాలు కాచుకుని కూర్చునేది ఆ మెరుపు కోసమే.

చిక్కేమిటంటే, అక్కడ మెరుపులకి కొదవ లేదు. పైనుంచి కాస్మిక్ కిరణాల వల్ల వచ్చే మ్యూఆన్ కణాలే రోజుకి 27 కోట్ల పైచిలుకు కనిపిస్తాయి. వాటి మధ్య దొరికే న్యూట్రినోలు రోజుకి సుమారు 275. అంటే పది లక్షల్లో ఒకటి. అందుకని వీళ్ళు ఎక్కువగా పైకి కాకుండా కిందికి చూస్తారు. భూమిని అడ్డంగా చీల్చుకుని అవతలి వైపు నుంచి వచ్చిందంటే అది న్యూట్రినోనే, మ్యూఆన్‌కి అంత దూరం రాయిని దాటే శక్తి లేదు. భూగోళమే వాళ్ళకి జల్లెడ.

ఇది చదివాక ఒక ఆదివారం కూర్చుని లెక్క వేశాను. గూడూరు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. గూడూరు పైన గాలిలో కాస్మిక్ కిరణం తగిలి పుట్టిన న్యూట్రినో ఒకటి, రైల్వే కాలనీ మీదుగా నేలలోకి దూరి, భూమి లోపలినుంచి తిన్నగా పోతే దక్షిణ ధ్రువంలో తేలుతుంది. దూరం సుమారు 10,000 కిలోమీటర్లు. పట్టే సమయం సెకనులో ముప్పయ్యో వంతు. రోజూ దొరికే ఆ 275లో ఎప్పుడో ఒకటి మా ఊరి మీది గాలిలో పుట్టి ఉండటానికి భౌతికశాస్త్రంలో ఏ అడ్డంకీ లేదు.

ఈ లెక్క నాయనకి ఫోన్‌లో చెప్పాను. ఆయన గూడూరు జంక్షన్‌లో కేబిన్‌మాన్‌గా చేసి రిటైరయ్యాడు. మద్రాసు వైపు, విజయవాడ వైపు, రేణిగుంట వైపు లైన్లు చీలే చోటు అది. అమ్మ పోయాక ఆ ఇంట్లో ఒక్కడే ఉంటున్నాడు. అంతా విని అడిగాడు:

"అయితే ఆ ఇద్దరూ ఆర్నెల్ల రాత్రిలో ఏం చేస్తా ఉంటారబ్బయా?"

"ఏమీ చెయ్యరు నాయనా. మిషన్ ఆగకుండా చూస్తారు. ఆగితే లేచి పోయి బాగు చేస్తారు."

"అంటే నైట్ డ్యూటీ."

"అంతే."

"దానికి అంత దూరం పోవాల్నా?"

నవ్వాను గానీ, ఆయనది ఎగతాళి కాదు. కేబిన్‌లో ఒక రాత్రి బాగా గడిచిందంటే రిజిస్టర్‌లో రాయడానికి విశేషం ఏమీ లేదని అర్థం. వచ్చిన బండి వచ్చినట్టు పోయింది. అడిగినవాడికి లైన్ క్లియర్ ఇచ్చాడు. బండిలో పడుకున్న వెయ్యిమందికి, తమ కోసం ఇక్కడ ఒక మనిషి మేలుకుని ఉన్నాడని తెలియదు. నా ఆన్‌కాల్ వారాలూ అంతే. నెలాఖరు రివ్యూలో కొత్త ఫీచర్ రాసినవాడి గురించి మాట్లాడతారు. పడిపోకుండా ఆపినదాని గురించి చెప్పడానికి స్లైడ్ ఉండదు, ఎందుకంటే పడిపోలేదు కదా.

ఐస్‌క్యూబ్ 99 శాతానికి పైగా సమయం మేలుకునే ఉంటుంది. ఆ అంకె వెనక ఉన్నది ఈ ఇద్దరే. చీకట్లో కిలోమీటరు నడిచి పోయి ఓ పవర్ సప్లై మార్చడం, ఓ డిస్క్ మార్చడం, తిరిగి రావడం. 2017 సెప్టెంబరు 22న ఉత్తరం వైపు నుంచి, భూమి అంచుని దాటుకుని వచ్చిన ఒక న్యూట్రినో దొరికింది. ధ్రువంలో ఆర్నెల్ల రాత్రి ముగిసి సూర్యుడు పైకి తేలే రోజులవి. 43 సెకన్లలో ప్రపంచంలోని టెలిస్కోపులన్నిటికీ కబురు పోయింది. అవి తిరిగి చూస్తే, మృగశిర నక్షత్రాల దిక్కున, కొన్ని వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్న ఒక గెలాక్సీ మండుతూ కనిపించింది. ఆ 43 సెకన్లలో మనిషి చెయ్యి లేదు, అంతా ప్రోగ్రామే. కానీ అంతకుముందు ఏమీ జరగని రాత్రులన్నిటిలో ఎవరో ఒకరు మేలుకుని ఉండకపోతే ఆ ప్రోగ్రాం నిద్రలోనే ఉండేది.

న్యూట్రినోల కోసం ధ్రువం దాకా పోనక్కర్లేదని మన పక్కనే ఒకసారి తేలింది. కుప్పం దగ్గర చిత్తూరు సరిహద్దు దాటితే కోలార్ బంగారు గనులు. 1965లో, నేలకి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, ఛాంపియన్ రీఫ్ గనిలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు, ఒసాకా సిటీ, డరహమ్ యూనివర్సిటీల వాళ్ళు కలిసి పరికరాలు పెట్టారు. కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో పుట్టే న్యూట్రినోల జాడని ప్రపంచంలో మొదట అచ్చులో చూపించింది వాళ్ళే. వాళ్ళ పత్రం ఆ ఏడాది ఆగస్టు 15న వచ్చింది. దక్షిణాఫ్రికా గనిలో ఇదే పని చేస్తున్న రైన్స్ బృందం పత్రం రెండు వారాల తర్వాత వచ్చింది. మీనన్, శ్రీకంఠన్, నరసింహం, రమణమూర్తి, మియాకే, వుల్ఫెన్‌డేల్... ఆ రచయితల వరస చదువుతుంటే మధ్యలో రెండు పేర్లు మా వీధిలోవాళ్ళని పిలిచినట్టే వినిపిస్తాయి. మా ఇంజినీరింగ్ ఫిజిక్స్‌లో ఈ సంగతి ఒక్క లైను కూడా లేదు.

ధ్రువంలో చలి అయితే కోలార్‌లో ఉడుకు. గని బాగా లోతుకి పోయేకొద్దీ రాయి వేడి 60 డిగ్రీలు దాటేది. ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పేలేది, మనుషులు పోయేవాళ్ళు. గాలి పంపేవాళ్ళు, నీళ్ళు తోడేవాళ్ళు, కేజ్ దింపి ఎక్కించేవాళ్ళు లేకపోతే ఆ ప్రయోగశాల ఒక్క పూట నడవదు. ఆ పనివాళ్ళలో ఎక్కువమంది దళితులు. ఉత్తర ఆర్కాటు నుంచి, చిత్తూరు వైపు నుంచి తరాల కిందట వచ్చి, తమిళం, తెలుగు మాట్లాడుతూ అక్కడే స్థిరపడినవాళ్ళు. గూడూరు వాళ్ళకి గని కొత్త కాదు. సైదాపురం, కలిచేడు అభ్రకం గనులు మా పక్కనే. నేల కిందికి దిగిన మనిషి కోసం ఇంట్లో ఎలా ఎదురుచూస్తారో మా వైపు పెద్దవాళ్ళని అడిగితే చెబుతారు.

1990ల తొలినాళ్ళలో కోలార్ ప్రయోగాలు ముగిశాయి. 2001 ఫిబ్రవరి 28న గనే మూతపడింది. ఇప్పుడు లోపల నీళ్ళు. పైన, పని పోయినవాళ్ళ పిల్లలు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రికి తిరిగి వస్తున్నారు. వాళ్ళలో కొందరు నాలాంటి ఆఫీసుల్లోనే పని చేస్తారు. తమిళనాడు తేని దగ్గర కొండలో కొత్త న్యూట్రినో అబ్జర్వేటరీకి 2015లో కేంద్రం ఒప్పుకుంది. కొండ గురించి, నీళ్ళ గురించి అక్కడి జనం అడిగిన ప్రశ్నల దగ్గర అది ఆగిపోయింది. ఆ ప్రశ్నల్ని విజ్ఞానానికి అడ్డు అని తీసిపారేసేవాళ్ళకి నేను కోలార్ చూపిస్తాను. కాపలా కాసినవాళ్ళకి చివరకి ఏం మిగిలిందన్నది కూడా ఆ ప్రయోగం ఫలితాల్లో భాగమే.

ఇక ట్యాబ్ సంగతి. చలికి భయం లేదు, చీకటికీ లేదు. నా చిక్కు విమానం దగ్గరే. 2016 జూన్‌లో స్టేషన్‌లో ఇద్దరికి జబ్బు చేస్తే ట్విన్ ఆటర్ అనే చిన్న విమానం ఆ చీకట్లో దిగి వాళ్ళని తెచ్చింది. ప్రపంచమంతా వార్త అయింది. అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అదీ అక్కడున్నవాళ్ళకి బాగాలేకపోతేనే. ఇంటి దగ్గర ఎవరికో బాగాలేదని విమానం రాదు. న్యూ జెర్సీలో, డాలస్‌లో వీసా ముద్ర కోసం చూస్తూ, కన్నవాళ్ళ కర్మలు వాట్సాప్ వీడియోలో చూసిన స్నేహితులు నాకున్నారు. కరోనా అప్పుడు అది ఇంకా ఎక్కువ. ధ్రువం ఆ దూరాన్ని దాచకుండా కాంట్రాక్టులో ముందే రాసిస్తుంది, అంతే.

ఈ మాట నాయనతో అనలేదు. ఆయనే అన్నాడు. "పోవాలనుంటే పోబ్బయా. నేనేమన్నా చిన్నపిల్లోణ్ణా." కాసేపాగి, "మీ తాత పోయినపుడు నేను కేబిన్‌లోనే ఉండా. రిలీవర్ వచ్చిందాకా కదల్లేదు. బండ్లు ఉండె గదా" అన్నాడు.

ఆ మాట నాకు అంతకుముందెప్పుడూ చెప్పలేదు. ఏళ్ళ తరబడి ఏమీ జరగలేదని రాసుకున్న రిజిస్టర్‌లో ఒక రాత్రి ఇంత జరిగింది. అది రాసే గడి అందులో లేదు.

నేను ఈ ఏడాది దరఖాస్తు పెట్టడం లేదు. వచ్చే ఏడాది సంగతి చెప్పలేను, ట్యాబ్ అయితే మూయలేదు. ఈ మధ్య నా ఆన్‌కాల్ వారంలో, ఏ అలారమూ మోగని రాత్రి, నాయనకి ఒక మెసేజ్ పెడుతున్నాను: "అంతా బాగుంది నాయనా." ఆయన నిద్ర పట్టని మనిషి. రెండు నిమిషాల్లో జవాబు వస్తుంది: "లైన్ క్లియర్."