పేరు చూడని ఓటు

ఫోటో పోటీల్లో తీసినవారి పేర్లు దాచి బొమ్మలు చూపించే పద్ధతి పాతదే. ఎవరు తీశారో తెలియనప్పుడు చూసే కన్ను వెలుతురు మీద, కూర్పు మీద, ఆ క్షణం మీద నిలుస్తుంది. పేరు కనిపించిందా, స్నేహమో మొహమాటమో ముందుకొస్తుంది. లైకులు లెక్కపెట్టి బహుమతిచ్చే పోటీల్లో చాలాసార్లు గెలిచేది బంధుబలగమే.

ఓటు ఒక్కటే నిజాయితీగా ఉంటే సరిపోదు, బొమ్మ కూడా నిజాయితీగా ఉండాలి. ఔత్సాహికులూ వృత్తి నిపుణులూ కలిసి తలపడే లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వన్యప్రాణి పోటీలో, 2009లో గేటు దూకుతున్న తోడేలు ఫోటోకు అగ్ర బహుమతి దక్కింది. అది మచ్చిక చేసిన తోడేలై ఉండవచ్చని న్యాయనిర్ణేతలు భావించారు. తీసిన హోసే లూయిస్ రోడ్రిగెజ్ ఒప్పుకోలేదు. అయినా 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. అలా వెనక్కి తీసుకోవడం, అడవిలో రాత్రుళ్లు కాపు కాసే మిగతా పోటీదారులకు ఇచ్చిన గౌరవం.

ఇక వ్యాఖ్యల సంగతి. ‘బాగుంది’ అన్న ఒక్క మాట కొత్తవారికి ఏమీ నేర్పదు. ‘బాలేదు’ అంటే ఉత్సాహమే చచ్చిపోతుంది.

‘కిటికీ వెలుతురు చక్కగా పట్టారు. పాప చెయ్యి మాత్రం చెదిరింది. షట్టర్ వేగం 1/60 బదులు 1/250 పెట్టి చూడండి.’ ఇలా చెబితే మర్నాడే కెమెరా పట్టుకుని మళ్లీ ప్రయత్నించవచ్చు.

అందుకే ఫోటోకు తక్కువ మార్కు వేసేవారు దయచేసి రెండు ముక్కల్లో కారణం కూడా రాయండి.