కొలిచి పోసిన మందు

"శనివారం మందు కోసం ఇండియానా వెళ్తున్నా" అంటే మా రూమ్మేట్ ల్యాప్‌టాప్‌లోంచి తల కూడా ఎత్తకుండా "నాకూ ఒక సీసా పట్రా" అన్నాడు. తుపాకీ మందు అని చెప్పాక తలెత్తాడు.

మన భాషతో వచ్చిన చిక్కే అది. జ్వరానికి మింగేదీ మందే, పొలానికి కొట్టేదీ మందే, వీకెండ్‌కి తాగేదీ మందే, తుపాకీలో దట్టించేదీ మందే.

నేను సిన్సినాటి పక్కన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. మా టీమ్‌లో రిటైర్మెంట్‌కి దగ్గరపడిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయనకి పాతకాలపు తుపాకీతో గురి కొట్టడం సరదా. తూటా వెనక నుంచి పెట్టేది కాదు, గొట్టం మూతిలోంచి మందు పోసి, దాని మీద సీసపు గుండు పెట్టి, కడ్డీతో దట్టించి పేల్చేది. మజిల్‌లోడర్ అంటారు. లంచ్‌లో ఎప్పుడు కూర్చున్నా ఆయన బెంగ ఒకటే: "జీతం ఆగిపోయాక కూడా ఈ ఆట ఆడాలి. చవగ్గా, నిలకడగా కొట్టే మందు ఒకటి తేల్చుకోవాలి."

చవక మందు అన్న మాట వినగానే నాకు మా తాత చెయ్యి గుర్తొచ్చింది.

నల్లమల అంచున మా అమ్మమ్మ వాళ్ల ఊరు. తాత కుడిచేతికి చూపుడు వేలు, మధ్య వేలు ఉండవు. వేరుశనగ చేలో అడవి పందుల్ని బెదరగొట్టడానికి ఒకప్పుడు లైసెన్సున్న ఒంటి గొట్టం తుపాకీ ఉండేదట. అది కూడా మూతిలోంచి మందు పోసేదే. ఒక రాత్రి అది చేతిలోనే పేలింది. "టౌన్‌కి పోయి మంచి మందు తేక, ఊళ్లో ఎవడో నూరిన చవక మందు కొన్నడు" అని అమ్మమ్మ ఇప్పటికీ తిడుతుంది. మా ఇంట్లో కుక్కర్ నుంచి ఫోన్ దాకా ఏదీ చవకది కొనరు. ఎవరైనా బేరం మొదలుపెడితే అమ్మమ్మ తాత చేతి వైపు చూపిస్తుంది. అంతే, బేరం బంద్.

అందుకే పెద్దాయన రమ్మనగానే ఓకే అన్నా. ఒక మాట ముందే చెప్తున్నా, నేను తుపాకీ గానీ మందు గానీ ముట్టుకోలేదు. వీసా మీద ఉన్నవాళ్లకి ఇక్కడ ఆ చట్టాలు వేరుగా ఉంటాయి. చూడ్డానికి మాత్రమే వెళ్లా.

ఫ్రెండ్‌షిప్ అనే ఊరు

ఊరి పేరే ఫ్రెండ్‌షిప్. ఆగ్నేయ ఇండియానాలో, రిప్లీ కౌంటీలో ఉంటుంది. సిన్సినాటి దాటి, అరోరా దగ్గర ఒహాయో నదికి టాటా చెప్పి, డిల్స్‌బరో నుంచి 62వ నంబరు స్టేట్ రోడ్డు పట్టుకుంటే గంటంపావులో చేరిపోతాం. రోడ్డు గుట్టల మధ్య మెలికలు తిరుగుతుంది. సెప్టెంబర్ కాబట్టి మొక్కజొన్న చేలు పసుపు తిరిగి, గాలికి గలగలమంటున్నాయి. పెద్దాయన కారు నడుపుతూ పంట గురించి మాట్లాడుతుంటే, ఇంకో రెండు మలుపులు తిరిగితే అచ్చంపేట బోర్డు కనిపిస్తుందేమో అనిపించింది.

ఊరు చాలా చిన్నది. కానీ అమెరికాలో మజిల్‌లోడర్ అంటే ఇష్టం ఉన్నవాళ్లకి ఇది తీర్థం లాంటిది. 1933లో మొదలైన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ వాళ్ల సొంత రేంజ్ ఇక్కడే ఉంది. పేరు వాల్టర్ క్లైన్ రేంజ్. పక్కనే లాఫరీ క్రీక్ అనే వాగు పారుతుంది. ఏటా వేసవి మొదట్లో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి జాతీయ పోటీలు జరుగుతాయి. ఆ రోజుల్లోనే ఊళ్లో పెద్ద పాత సామాన్ల సంత కూడా పెడతారు.

కారు దిగగానే ముందు ముక్కుకి తెలుస్తుంది. దీపావళి మర్నాడు పొద్దున్నే మన వీధిలో ఉండే వాసన. గంధకం, పొగ, కొంచెం తడి మట్టి. తర్వాత చెవికి తెలుస్తుంది. ఇప్పటి తుపాకీలా 'టప్' మనదు. 'ఢుమ్మ్' అని నిదానంగా మోగుతుంది. వెంటనే తెల్లటి పొగ మబ్బులా లేచి, కొట్టినవాడినే కమ్మేస్తుంది. తగిలిందో లేదో ఆయనకే కాసేపు తెలీదు.

ఒకపక్క రెండొందల ఏళ్ల కిందటి వేషాల్లో, లేసుల చొక్కాలూ తోలు సంచులూ వేసుకుని, గుడారాల ముందు కట్టెల పొయ్యి మీద కాఫీ కాచుకుంటున్నవాళ్లు. ఇంకోపక్క కళ్లజోడు, చెవులకి మఫ్స్ పెట్టుకుని నోట్‌బుక్‌లో లెక్కలు రాసుకుంటున్నవాళ్లు. మా పెద్దాయన రెండో బ్యాచ్.

ఎఫ్‌లు లెక్కపెట్టాలి

వాగుకి ఇవతల దుకాణాల వరస ఉంది. తుపాకీ గొట్టాలు, చెకుముకి రాళ్లు, కొమ్ముతో చేసిన మందు భరిణెలు, గుండు కింద పెట్టే గుడ్డ ముక్కలు. అక్కడ నడుస్తూ పెద్దాయన నాకు మందు పాఠం మొదలుపెట్టాడు.

అసలు నల్లమందులో ఉండేవి మూడే: సూరేకారం, బొగ్గు, గంధకం. వందల ఏళ్లుగా అవే. తేడా అంతా శుభ్రతలో, బొగ్గు రకంలో, పలుకు సైజులో ఉంటుంది. సైజుని ఎఫ్ అక్షరంతో చెప్తారు. ఎఫ్‌లు పెరిగేకొద్దీ పలుకు సన్నం. ముతక రవ్వ, సన్న రవ్వ లాంటి తేడా అనుకోండి. సన్నదైతే త్వరగా మండుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. సాధారణంగా పెద్ద గొట్టాలకి రెండు ఎఫ్‌లది, చిన్న గొట్టాలకీ పిస్తోళ్లకీ మూడు ఎఫ్‌లది వాడతారు. నాలుగు ఎఫ్‌లది పిండిలా ఉంటుంది. చెకుముకి తుపాకీలో నిప్పురవ్వ పడే చిన్న పళ్లెంలో చిటికెడు వేయడానికే అది.

"మామూలు షాపుల్లో దొరికే మందు ఉంది కదా, పైరోడెక్స్ లాంటిది?" అని అడిగా. రాత్రి కూర్చుని గూగుల్ చేసిన తెలివి అది.

"ఉంది. కొనడం ఈజీ. అసలు నల్లమందు పేలుడు పదార్థం లెక్కలోకి వస్తుంది కాబట్టి దాన్ని అన్ని షాపులూ పెట్టుకోవు. కానీ ఆ బదులు మందులు అంటుకోవాలంటే ఎక్కువ వేడి కావాలి. నాది చెకుముకి తుపాకీ, దాని రవ్వకి అవి సరిగ్గా అంటుకోవు" అన్నాడు. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాడు. పైరోడెక్స్ నల్లమందు కంటే తేలిక. దాన్ని కొలత గొట్టంతో సమానంగా పోయాలి గానీ తూకంతో కాదు. తూకం సమానం చేస్తే ఎక్కువ పడిపోతుంది.

అన్నిటికంటే గట్టిగా చెప్పింది మాత్రం ఇది. ఇప్పటి తూటాల్లో వాడే పొగరాని మందు ఇంట్లో మిగిలింది కదా అని నల్లమందు కోసం చేసిన తుపాకీలో ఒక్క చిటికెడు కూడా పోయకూడదు. దాని ఒత్తిడికి గొట్టం చీలిపోతుంది. "డబ్బు మిగులుతుందని చేసే పనుల్లో అన్నిటికంటే ఖరీదైనది అదే" అన్నాడు. నేను నా రెండు వేళ్లూ ముడుచుకున్నా, నాకు తెలీకుండానే.

సీసా రేటు వేరు, షాట్ రేటు వేరు

ఇక లెక్క. మందుని గ్రెయిన్లలో కొలుస్తారు. ఒక పౌండుకి 7,000 గ్రెయిన్లు. షాట్‌కి 70 గ్రెయిన్లు పోస్తే పౌండుకి 100 షాట్లు. 50 పోస్తే 140. సీసా 30 డాలర్లు అనుకుందాం. మొదటి లెక్కలో షాట్‌కి 30 సెంట్లు, రెండో లెక్కలో 21 చిల్లర. మందు మార్చకుండానే దాదాపు మూడో వంతు మిగులు.

"జింకని కొట్టాలంటే బలం కావాలి. కాగితానికి చిల్లు పెట్టడానికి ఎందుకు?" అన్నాడాయన. 50 గజాల టార్గెట్‌కి చాలామంది అవసరానికి మించి పోస్తారట. మోత పెరుగుతుంది, భుజం నొస్తుంది, గురి మాత్రం పెరగదు. ఆయన తుపాకీ కంపెనీ ఇచ్చిన పరిమితి లోపల కింది నుంచి మొదలుపెట్టి, ఐదేసి గ్రెయిన్లు పెంచుకుంటూ వెళ్లాడు. ప్రతి కొలతకీ ఐదు గుండ్లు కొట్టి, చిల్లులు ఎక్కడ దగ్గరగా పడ్డాయో అక్కడ ఆగాడు.

రెండో ఖర్చు రవాణా. పేలుడు పదార్థం కాబట్టి ఇంటికి తెప్పించుకుంటే ప్రత్యేక ఛార్జీ పడుతుంది. ఒక్క సీసా తెప్పిస్తే ఆ ఛార్జీ నడ్డి విరుస్తుంది. అందుకే క్లబ్‌లో నలుగురు కలిసి ఆర్డర్ పెడతారు, లేదా ఇలాంటి మేళాకి వచ్చి చేత్తో పట్టుకెళ్తారు.

మూడోది బ్రాండ్. స్విట్జర్లాండ్ నుంచి వచ్చే స్విస్ మందుకి ఇక్కడ గొప్ప పేరు. బలం ఎక్కువ, శుభ్రంగా మండుతుంది, ధరా ఎక్కువే. జర్మనీ నుంచి షుట్‌జెన్ వస్తుంది. అమెరికాలో పేరున్నది గోయెక్స్. 2021లో దాని ఫ్యాక్టరీ మూతపడుతుందనగానే వీళ్లందరికీ గుండె ఆగినంత పనైందట. తర్వాత ఎస్టెస్ అనే కంపెనీ దాన్ని తీసుకుంది.

మరి ఏది మంచిది? పెద్దాయన నోట్‌బుక్ తీశాడు. జూన్‌లో ఖరీదైనదీ, చవకదీ పక్కపక్కన కొట్టి చూశాడు. మొదటి రోజు రెండింటికీ ఒకే కొలత పోస్తే ఖరీదైనదే ఎక్కువ చెదిరింది. దాని బలం ఎక్కువ కాబట్టి కొలత తగ్గించాడు, అప్పుడు చిల్లులు దగ్గరపడ్డాయి. చవకదానికి విడిగా కొలత వెతికాడు, అవీ దగ్గరపడ్డాయి. చివరికి 50 గజాల దగ్గర రెండింటి మధ్య తేడా బొటనవేలి గోరంత.

"ఆ గోరంత తేడా మందుదో, నా చేతిదో నాకు తెలీదు. అందుకే చవకదే కొంటున్నా" అన్నాడు.

ఆయన మిగతావన్నీ కదలకుండా పట్టుకున్నాడు. అదే డబ్బా, అదే గుడ్డ మందం, కడ్డీ మీద అదే బలం, ప్రతి షాట్‌కీ మధ్య గొట్టంలో ఒక తడి గుడ్డ, ఒక పొడి గుడ్డ. నల్లమందు మండాక సగానికి పైగా మసిగానే మిగులుతుంది. దాన్ని తుడవకపోతే ఐదో గుండు మొదటి గుండు వెళ్లిన చోటికి వెళ్లదు. మేం డీబగ్ చేసేటప్పుడు ఒకసారి ఒక్కటే మార్చి చూస్తాం కదా, అదే పద్ధతి. ఆయన 30 ఏళ్లుగా ఆఫీసులో చేసిందే ఇక్కడా చేస్తున్నాడు.

కొమ్ము నుంచి నేరుగా పోయొద్దు

ఆయన వంతు వచ్చింది. నేను గీత వెనక నిలబడ్డా. భుజానికి కొమ్ము వేలాడుతోంది, దాన్నిండా మందు. కానీ ఆయన కొమ్ముని గొట్టం మూతి దగ్గరికి తేలేదు. ముందు చిన్న ఇత్తడి కొలత గొట్టంలోకి ఒంపాడు. కొమ్ముకి మూత పెట్టి వెనక్కి తోశాడు. ఆ తర్వాతే కొలతలోది తుపాకీలో పోశాడు. ప్రతిసారీ ఇంతే.

"టైమ్ వేస్ట్ కదా, నేరుగా పోయొచ్చుగా?" అని అడిగా.

"ముందు షాట్ నిప్పు కణిక లోపల మిగిలి ఉండొచ్చు. కొలతలోది అంటుకుంటే ఒక్క షాట్ మందు మండుతుంది. నేరుగా పోస్తే మొత్తం కొమ్ము పేలుతుంది, చేతిలోనే" అన్నాడు మామూలుగా, ట్రాఫిక్ రూల్ చెప్పినట్టు.

నాకు మాత్రం ఆ తర్వాత మోతలు వినపడలేదు. గుట్ట మీదికి ఎక్కితే ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది. ఇక్కడ పదకొండు, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. తాత భోజనం చేసి మంచం మీద కూర్చున్నాడు.

కెమెరా తిప్పి రేంజ్ చూపించా. పొగ చూసి ఆయన కళ్లు చికిలించాడు.

"అది మన తుపాకీ లెక్కనే ఉన్నది గదరా! ఎంత పోస్తున్నడు?"

"కొలిచి పోస్తున్నాడు తాతా. చిన్న గొట్టం ఉంది."

ఆయన ఏం మాట్లాడలేదు. నేనే అడిగా. "తాతా, ఆ రాత్రి... అది మొదటిసారి పేల్చినప్పుడా?"

"కాదు బిడ్డా. ఒకటి కొట్టిన. పందులు ఉరికినయి, మళ్ల వచ్చినయి. జల్ది జల్ది సీసాలకెల్లి పోసిన. పోస్తుండంగనే అంటుకున్నది."

"సీసాలోంచి నేరుగానా?"

"ఇంకెట్ల పోస్తరు? మాకు కొలత ఎవరు చెప్పిన్రు?"

పెద్దాయన చెప్పిన కణిక సంగతి చెప్పా. ఊళ్లో నూరిన మందు మంచిదని కాదు, దాన్ని ఎవరూ నమ్మి వాడకూడదు. కానీ ఆ రాత్రి టౌన్ నుంచి తెచ్చిన ఖరీదైన మందు ఉన్నా, అలా పోస్తే అదే జరిగేది. తాత చాలాసేపు తన చెయ్యి వైపు చూసుకున్నాడు. తర్వాత లోపలికి కేకేశాడు: "విన్నవా ఏందే? మందు తప్పు గాదంట. నేనే ఆగలేదంట!"

లోపలి నుంచి అమ్మమ్మ గొంతు: "నలభై ఏండ్ల సంది నేను చెప్తున్నది గూడ అదే. నీకు ఆగుడు ఎన్నడు తెల్వది."

సాయంత్రం వెనక్కి వస్తుంటే డిక్కీలో మూడు పౌండ్ల చవక మందు, భద్రంగా. పెద్దాయనకి వచ్చిన ర్యాంక్ చెప్పుకోదగ్గదేం కాదు, కానీ ఐదు చిల్లుల మీద కాఫీ కప్పు బోర్లిస్తే సరిపోతుంది. ఆ కాగితం నాకే ఇచ్చాడు. దానితోపాటు తన పాత ఇత్తడి కొలత గొట్టం కూడా. లోపల తళతళా కడిగి ఉంది.

"మీ తాతకివ్వు" అన్నాడు.

తాత దగ్గర ఇప్పుడు తుపాకీ లేదు. లైసెన్సు ఎప్పుడో వదిలేశాడు. అయినా సంక్రాంతికి వెళ్లినప్పుడు ఇస్తా. అమ్మమ్మ దాన్ని బహుశా టీ పొడి కొలవడానికి వాడుతుంది.