అమ్మతో మూసీ వెంట

పారిస్‌లో సెన్ నది మీద ‘పోన్ నఫ్’ అనే రాతి వంతెన ఉంది. ఆ పేరుకు అర్థం కొత్త వంతెన. ఊళ్ళో ఇప్పుడు నిలిచి ఉన్న వంతెనల్లో అన్నిటికన్నా పాతది మాత్రం అదే. తమ్ముడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక రోజంతా అమ్మను ఆ ఒడ్డు వెంబడే తిప్పాను. ఐఫిల్ టవర్‌ను అమ్మ ఒకసారి తలెత్తి చూసి ఊరుకుంది. చూపంతా నీళ్ళ మీదే. వంతెన నడిమధ్యలో ఆగి అడిగింది: “గీ నీళ్ళు ఏ పొలాలకు పారుతయి బిడ్డా?” నేను ఏం చెప్పాలో తోచక నిలబడ్డాను. “ఇంటికి పోయినంక మన ఏరు గూడ గిట్లనే సూద్దాం. పొద్దుగాల్నుంచి పొద్దుమీకెదాక” అంది.

జనవరిలో ఒక ఆదివారం, ఇంకా మంచు విడవకముందే నాచారంలో ఆటో మాట్లాడుకుని ముందు మూసీ మీది పురానాపూల్‌కు, అంటే పాత వంతెనకు, పోయాం. కుతుబ్‌షాహీల కాలంలో, 1578లో కట్టిన వంతెన ఇది. పోన్ నఫ్‌కు పునాదిరాయి పడిందీ ఆ ఏడే. తర్వాతి శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే దీన్ని చూసి, అందంలో మా పోన్ నఫ్‌కు పెద్దగా తీసిపోదని రాసుకున్నాడు. ఆ సంగతి చెబితే అమ్మ రాతి కమానుల వంక చూస్తూ, “అయితె కొత్తదీ పాతదీ ఒక్క ఈడువే గద” అంది.

అక్కడి నుంచి ఉస్మానియా దవాఖాన ఆవరణలోని చింతచెట్టు దగ్గరికి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచెత్తినప్పుడు ఈ చెట్టెక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. పదహారు నెలలు తిరగకుండానే, 1910 జనవరిలో, సెన్ నది ఎనిమిది మీటర్లు దాటి లేచి పారిస్‌ను ముంచింది. అక్కడ అల్మా వంతెన దగ్గరి రాతి సైనికుడి ఒంటి మీద నీరు ఎంతవరకు వచ్చిందో చూసి జనం వరదను కొలుచుకుంటారు. ఆ విగ్రహాన్ని అమ్మకు చూపించాను గనుక, చెట్టు కింద నిలబడి రెండూ కలిపి తలుచుకున్నాం. అమ్మ మాను మీద చెయ్యి వేసి చాలాసేపు మాట్లాడలేదు.

చాదర్‌ఘాట్, మూసారాంబాగ్, అంబర్‌పేట ఆటోలోనే దాటేశాం. మా ఏరు నాగోలు వంతెన దగ్గర మొదలవుతుంది. మెట్రో స్టేషను పక్క నుంచి దిగితే తెల్లటి నురగ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే వాసన. అమ్మ కొంగు పెట్టుకోలేదు.

ఈ నీటి కథ సరిగ్గా చెప్పుకోవాలి. 1908 వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. మంచినీరు అక్కడ ఆగింది. వానాకాలం పోతే నగరం వాడి వదిలిన నీళ్ళే కింద పారాయి. ఊరు పెరిగినకొద్దీ అవీ పెరిగాయి. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోలులో 17.2 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రాలున్నా, ఏరు ఇంకా తేరుకోలేదు. కానీ ఎండాకాలంలో చెరువులు నెర్రెలిచ్చిన రోజుల్లోనూ ఈ ఒడ్డున మడి తడి ఆరలేదు. ఊరు స్నానం చేసినంత కాలం మా తాతకు పంట ఉంది.

తాతది ఉప్పల్ భాగాయత్. భాగాయత్ అంటేనే తోట భూమి. కొంత తోటకూర, పాలకూర, మిగిలిందంతా పారాగడ్డి. కోస్తే మళ్ళీ లేస్తుంది, ఏడాది పొడుగునా కోతే. తెల్లారేసరికి మోపులు కట్టి సైకిలు మీద నాచారం బర్రెల కొట్టాలకు చేర్చేవాడు. ఆ కొట్టాల వాళ్ళ ద్వారానే అమ్మకు నాచారం సంబంధం కుదిరింది. నేను చిన్నప్పుడు తాగిన పాలు ఈ ఏటి గడ్డి తిన్న బర్రెలవి. ఆ నీళ్ళలో నిలబడి నిలబడి తాత పిక్కలు ఎప్పుడూ దురదతో పగిలి ఉండేవి. అమ్మమ్మ రోజూ రాత్రి కొబ్బరినూనె రాసేది. ఏరు పెట్టిన అన్నమూ నిజమే, తాత కాళ్ళూ నిజమే. ఒకటి చెప్పి ఇంకోటి దాచడం నాకు చేతకాదు.

ఇప్పుడు భాగాయత్‌లో మడులు లేవు. హెచ్‌ఎండీఏ లేఅవుట్ వేసి 2019లో ప్లాట్లు వేలం వేసింది. ఆ ఏడే చిన్న శిల్పారామం కూడా వచ్చింది. వెడల్పాటి రోడ్లు, పేరు పెట్టని కూడళ్ళు. అమ్మ మాత్రం దారి అడక్కుండా నడిచింది.

సెన్ నదిలో 1923లో ఈత నిషేధించి, 2025 వేసవిలో మళ్ళీ జనాన్ని దిగనిచ్చారని చెప్పాను. “నూరేండ్లు వట్టిందా” అంటూ నురగ వైపు చూసింది. “మీ తాత చిన్నగున్నప్పుడు గీడ ఈత గొట్టెటోడట.”

పీర్జాదిగూడ దాటాక ఒడ్డున ఇంకా గడ్డి మడులు కనిపించాయి. ఇక్కడి నుంచి ఏరు ప్రతాపసింగారం మీదుగా, కత్వలనే అడ్డుకట్టల దగ్గర ఆగుతూ, వలిగొండ దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మేం అంత దూరం పోలేదు. మడిలో గడ్డి కోస్తున్న ఒకామె తలెత్తి, “ఎవలింటోళ్ళమ్మా?” అని అడిగింది. అమ్మ పుట్టింటి పేరు చెప్పి, ఎగువన ఎత్తయిన బిల్డింగుల వైపు చెయ్యి చాపింది: “గా జాగల్నే మా మడి ఉండె.”

ఆమె కొడవలి అందించింది. అమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపి, చెప్పులు గట్టు మీద విడిచి మడిలోకి దిగింది. పిడికిలి నిండా పట్టి, మొదటికంటా కోసి, నాలుగు పోచలు మెలిపెట్టి మోపు కట్టింది. ముడి ఒక్కసారికే బిగిసింది.