నాకు నలుగురు బిడ్డలు

మాది కల్హేర్ మండలం. నల్లరేగడి నేల. పత్తి, సోయా, కంది వేస్తం. తండాలోళ్లు దసరా దాటినంక చెరుకు నరకనీకి పోతరు, మా ఊరి పిలగాండ్లు పటాన్‌చెరు కంపెనీలకు పోతరు. ఆడపిల్ల పుడితే పారేసేటోళ్లను మా ఊర్ల నేను చూడలేదు. ఎత్తుకుంటరు, ముద్దు చేస్తరు. రెండో బిడ్డ దాకా ఏ రంది లేదు. మూడోసారి గూడ ఆడపిల్లనే పుడితే ఆ తల్లితోని మాట్లాడే తీరు మారుతది. అది ఎట్ల మారుతదో చెప్పాలని ఇది రాస్తున్న.

పదో తరగతి పాసైనంక, 2006ల నా లగ్గమైంది. పెద్దబిడ్డ పుట్టినప్పుడు మా అత్త ఇరవై ఒకటో దినం తొట్టెల చేసింది. యాటను కోసిండ్రు, వాడకట్టంత తిన్నది. రెండో బిడ్డకు గూడ తొట్టెల అయింది గాని చుట్టాలను పిలువలేదు. మూడో బిడ్డకు ఆ ముచ్చటే ఎవరూ ఎత్తలేదు. నేనే పాతచీర దూలానికి కట్టి పిల్లను అండ్ల పండుకోబెట్టిన. బాలింతకు పెట్టే కాయం మా అమ్మ పంపితే తిన్న. మా అత్త చెడ్డమనిషి కాదు. నాకు చలిజ్వరమొస్తే రాత్రంత పక్కన కూసున్న మనిషి. ఆమెకు గూడ ఊర్ల మాటలు పడుతుండె.

బోరంచ నల్లపోచమ్మకు మొక్కించిండ్రు. ఏడుపాయలకు తీసుకపోయిండ్రు. ఎవరో ఇచ్చిన చెట్లమందు పరగడుపున తాగించిండ్రు. నేను ఆపరేషన్ చేయించుకుంట అంటే ‘పిలగాడు కాకముందే ఆపరేషనేంది’ అన్నరు. మా ఆయనకు మారుమనువు చేద్దామన్న ముచ్చట నా ముందట ఎవరూ అనలేదు. నీళ్లకాడ వేరేటోళ్ల నోటినుంచి విన్న.

అసలు భయం ఎక్కడుందో నాకు సమజైంది పత్తి చేన్ల. మా మామకు ఆరెకరాలు, ఇద్దరు కొడుకులు. మరిదికి ఇద్దరు పిలగాండ్లు. పత్తి ఏరుకుంట తోటికోడలు అన్నది: ‘ఎందుకు రంది పెట్టుకుంటవక్కా? రేపు మీకు తలగోరు పెట్టేది మా పిలగాండ్లే గదా.’ కోపంగ కాదు, ప్రేమగనే అన్నది. మా దిక్కు తలగోరు ఎవరు పెడితే భూమి వాళ్లదే అనుకుంటరు. నేను బతికుండంగనే మా పాలు మూడెకరాలు అవతలి ఇంటికి పోయినట్టే ఆమె మాట్లాడింది. ఆమె తప్పని నేననను. ఆమె పుట్టింట్ల గూడ అదే చూసింది.

2014ల నాలుగోసారి కడుపైంది. ఐదో నెల నడుస్తుండంగ రాష్ట్రం బార్డర్ అవతల ఒక ఊర్ల స్కానింగ్ చేయిస్తమన్నరు. ఈసారి నన్ను బతిమిలాడింది మా అమ్మ. అత్త చెప్తే ఎదురు చెప్పొచ్చు, మొగుడు చెప్తే ఏడ్వొచ్చు. కన్నతల్లి చేతులు పట్టుకుని చెప్తే ఏం చేస్తం? ‘నీ తమ్ముడు ఉండబట్టే మీ నాయిన పోయినంక పాలోళ్లు మన మడి ముట్టలేదు బిడ్డా. నీకెవరున్నరు?’ అన్నది. ఆమె నా మంచి కోరే అన్నది. అందుకే ఆ మాట ఇప్పటికీ నొస్తది.

ఆ స్కానింగ్ గదిల గోడకు బోర్డు ఉంది: పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పుడు నేరమని. దాని కిందనే మేం కూసున్నం. తీసుకపోయిన మనిషి బయటికొచ్చి మా ఆయన చెవుల చెప్పిండు. మళ్ల ఆడపిల్లనే. రెండు రోజులల్ల రమ్మన్నరు. తోవ పొంట ఎవరూ మాట్లాడలేదు. కడుపుల పిల్ల తిరుగుతనే ఉంది.

ఇంటికొచ్చినంక మా ఊరి ఏఎన్ఎం రక్తం పరీక్ష చేసింది. ఏడు గ్రాములకు గూడ తక్కువుంది. ఆమెకు సంగతి ఎట్ల తెలిసిందో నేనడగలేదు. మా ఆయనను బయటికి పిలిచి ఒక్కటే చెప్పింది: ఈ రక్తంతోని ఆ పని చేయిస్తే మనిషి దక్కదు, ముగ్గురు పిల్లలను నువ్వే సాకాలె. ఆయన భయపడ్డడు. మళ్ల పోలేదు. నా బిడ్డను నా ధైర్యం కాపాడిందని చెప్పుకోను. నా ఒంట్ల రక్తం లేకపోవుడు కాపాడింది. ఇది రాస్తుంటే చేతులు వణుకుతున్నయి గాని, రాయకపోతే ఈ ముచ్చటంత అబద్ధమైతది.

నెలలు నిండినంక సంగారెడ్డి పెద్ద దవాఖానల రక్తమెక్కించిండ్రు, బిడ్డ పుట్టింది. తెల్లగ, చిన్నగ ఉండె. మా అత్త చూసి, ఏమనక, కొంగుతోని పిల్ల మొఖం తుడిచింది. గోలీలు మింగుకుంట, ఆకుకూరలు తినుకుంట రక్తం పెంచుకున్న. పెరిగినంక నారాయణఖేడ్‌కు పోయి ఆపరేషన్ చేయించుకున్న. తోడు మా మహిళా సంఘం ఆమె ఒచ్చింది. మొగుని సంతకం లేనిదే చెయ్యరని ఊర్ల అందరూ అనుకుంటరు. అదేం లేదు, ఆడామె సంతకం చాలు. ఇంటికొచ్చినంక చెప్పిన. అత్త శానా దినాలు నాతోని మాట్లాడలేదు. పొయ్యి వేరైంది. పచ్చి కుట్లతోని నీళ్లు మోసుకున్న. మా ఆయన తిట్టలేదు, తోడూ రాలేదు. బాజాప్తగ చెప్తున్న, నా జిందగీల నేను సొంతంగ తీసుకున్న పెద్ద నిర్ణయం అదే.

తర్వాత మహిళా సంఘంల లెక్కలు రాసే పని దొరికింది. ట్రైనింగులకు పోయినప్పుడే నాకు జరిగినదానికి చట్టముందని తెలిసింది. 1994ల చేసిండ్రంట. చెప్పినోళ్లకు మూడేండ్ల దాక జైలు. గర్భిణిని భర్తనో చుట్టాలో బలవంతపెట్టిండ్రనే కోర్టు ముందుగాల అనుకోవాలెనని అండ్ల రాసుందంట. ఎవరో మా అసొంటోళ్ల సంగతి తెలిసినోళ్లే ఆ ముక్క రాసిండ్రనిపించింది. అయినా 2001ల దేశంల వెయ్యిమంది మగపిల్లలకు 927 మంది ఆడపిల్లలుంటే, 2011కు 918 అయిండ్రు. చట్టం ఒచ్చినంక గూడ తగ్గిండ్రు.

దక్షిణ కొరియా ముచ్చట గూడ ఒక మేడం చెప్పింది. 1990ల అక్కడ వందమంది ఆడపిల్లలకు 116 మంది మగపిల్లలు పుడుతుండెనంట. తర్వాత ఆడోళ్లు సదువుకున్నరు, కొలువులు చేసిండ్రు, ఇంటికి మగోడే పెద్దని రాసుకునే పద్ధతిని గూడ తీసేసిండ్రు. ఆడో మగో చెప్పొద్దన్న నియమం ఇంక అక్కరలేదని 2024ల అక్కడి కోర్టే కొట్టేసిందంట. ఆ మాట విన్న దినం నాకు నిద్ర పట్టలేదు.

మా దగ్గర గూడ కొంత మారింది. 2017ల కేసీఆర్ కిట్ ఒచ్చినప్పుడు పిలగాడైతే పన్నెండు వేలు, ఆడపిల్లయితే పదమూడు వేలు అన్నరు. వెయ్యి రూపాయలకు ఎవరి మనసు మారలేదు, గాని పైసలు తల్లి ఖాతల పడుడు నేను కండ్లార చూసిన. పెద్దబిడ్డ కస్తూర్బా బడిల పది సదువుతున్నప్పుడు సంబంధమొచ్చింది. పద్దెనిమిది నిండకుంటే కల్యాణలక్ష్మి లక్షా నూట పదహార్లు రావని చెప్పి మామ నోరు మూయించిన. పైసల మాట అయితే వింటరు, ధర్మం మాట అయితే వినరు. ఇప్పుడది నర్సింగ్ సదువుతున్నది. సూది ఎట్ల ఎయ్యాల్నో మా అత్త మీదనే నేర్చుకుంటనంటది, ఆమె చెయ్యి చాపుతది.

భూమి ముచ్చట మాత్రం ఇంక తెగలేదు. 1986లనే ఎన్టీఆర్ ఆడపిల్లలకు హక్కు తెచ్చిండు, 2005ల దేశమంత ఒచ్చింది, 2020ల సుప్రీంకోర్టు పుట్టుకతోనే బిడ్డకు కొడుకుతోని సమానమని గట్టిగ చెప్పింది. మా ఊర్ల ఆ హక్కు అడిగిన బిడ్డను నేనొక్కదాన్ని గూడ చూడలేదు. అడిగితే పుట్టింటి గడప బందైతదని భయం. పోయిన సంక్రాంతికి పెద్దబిడ్డ తాతను నేరుగ అడిగింది, మా నాయిన పాలు ఎప్పుడు రాసిస్తవని. మరిది లేచి బయటికి పోయిండు. తోటికోడలు నాతోని మాట బంద్ పెట్టింది. మామ శానాసేపు చుట్ట తాగి, ఎండాకాలం చేను కొలిపిస్తనన్నడు. సర్వేకు కట్టే పైసలు సంఘంల అప్పు తీసి సిద్ధం పెట్టిన. మూడెకరాలు మా ఆయన పేరు మీద ఎక్కితే, మాకు పాలోళ్లు వారసులు కారు, ఈ నలుగురు బిడ్డలే వారసులని వీలునామ గూడ రాయించాలె. దానికి ఆయన ఒప్పుకున్నడు.