కొన్న పాట చేతికి రావాలి



ప్రియులారా, ఈ మధ్య మన సంఘంలో చాలామంది అడుగుతున్న ఒక సంగతి గురించి ఈ వారం రాస్తున్నాం. లైవ్ ఆల్బమ్‌లు ఫోన్‌లో కొనడం, దించుకోవడం గురించి. వినడానికి చిన్న విషయమే. కానీ అందులో కష్టపడి సంపాదించిన డబ్బు ఉంది, నమ్మకం ఉంది.

పోయిన ఏడు యాదగిరిగుట్ట నుండి మనవాళ్లం ముప్పై మందిమి హైదరాబాదులో ఒక ఆరాధన సభకు వెళ్లొచ్చాం. ఆ రాత్రి పాడిన పాటలన్నీ రికార్డు చేసి, ఈ ఏడు ఆల్బమ్‌గా అమ్మకానికి పెట్టారు. సీడీ లేదు, పెన్‌డ్రైవ్ లేదు. వాళ్ల వెబ్‌సైట్‌లో తప్ప ఇంకెక్కడా దొరకదు. ధర 300 రూపాయలు. కొన్న రోజు నుండి వారంలోపు మూడుసార్లు మాత్రమే దించుకోవచ్చు.

యూత్ తమ్ముళ్లు ముగ్గురు కొన్నారు. ఒకరికి ఖాతాలో డబ్బు కట్ అయింది గాని లింకు రాలేదు. ఇంకొకరికి లింకు వచ్చింది గాని సగంలో నెట్ ఆగిపోయింది. మళ్లీ మొదలుపెడితే అదీ ఒక లెక్కే. మూడు లెక్కలూ అయిపోయాయి, పాట మాత్రం రాలేదు. మూడో అతనికి ఫైలు మొత్తం వచ్చింది, కానీ అది జిప్ ఫైలు. విప్పడానికి ఫోన్‌లో చోటు లేదు. అదే సాయంత్రం ఎవరో గ్రూపులో ఆ పాటలన్నీ ఉచితంగా పెట్టేశారు. "అయ్యగారూ, పైసలు కట్టినోళ్లం మేము, పాటలు ఇంటున్నది వాళ్లు" అని ఆ తమ్ముళ్లు అంటే మా దగ్గర వెంటనే జవాబు లేదు.

ఎందుకిలా జరుగుతుందో కొంచెం లెక్క చూద్దాం. సీడీ నాణ్యతలో పాట నిమిషానికి దాదాపు 10 ఎంబీ పడుతుంది. రెండు గంటల సభ అంటే 1.2 జీబీ. మన ఇళ్లలో చాలామందికి రోజుకు 1.5 జీబీ డేటా. ఒక్కసారి మధ్యలో తెగితే ఆ రోజుకు ఇక అంతే. అదే మామూలు ఎంపీ3గా ఇస్తే నిమిషానికి దాదాపు 1 ఎంబీ చాలు. మొత్తం సభ 120 ఎంబీలో వచ్చేస్తుంది. మన చిన్న స్పీకర్లలో రెండింటికీ పెద్ద తేడా వినిపించదు. అమ్మేవాళ్లు పెద్ద ఫైలుతో పాటు చిన్న ఫైలు కూడా పెడితే సగం బాధ తీరిపోతుంది.

క్యాసెట్ల రోజులు మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. గుంటూరులో హోసన్నా మినిస్ట్రీస్ వారి గుడారాల పండుగకు వెళ్లినవాళ్లు కొత్త పాటల క్యాసెట్ చేత పట్టుకొని ఊరికొచ్చేవాళ్లు. ఆ ఒక్క క్యాసెట్ నాలుగిళ్లు తిరిగేది. టేపు చిక్కుపడితే పెన్సిలు పెట్టి చుట్టుకునేవాళ్లం. తర్వాత మొబైల్ షాపులో పదో ఇరవయ్యో ఇస్తే మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించే కాలం వచ్చింది. మనకు చవకే, కానీ పాడినవాళ్లకు, తబలా వాయించినవాళ్లకు అందులో పైసా చేరలేదు. 2016లో జియో వచ్చాక డేటా చవకైంది, పాటంటే ఊరికే దొరికేది అనే అలవాటు పడింది. ఇప్పుడు పాడేవాళ్లు డబ్బు కట్టి కొనండి అంటున్నారంటే అది దురాశ అనుకోకండి. పనివాడికి కూలి దక్కాలన్నది మనం పాటించే మాటే కదా.

చట్టం సంగతి కూడా చెబుతాం. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆరాధనలో పాట పాడుకుంటే అది హక్కుల ఉల్లంఘన కాదు. కాబట్టి ఆదివారం ఏ పాటైనా నిశ్చింతగా పాడుకోండి. కానీ ఒకరు రికార్డు చేసి అమ్ముకుంటున్న ఫైలును వంద మందికి పంచిపెట్టడం వేరు. ఆ రికార్డింగు మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది.

అయితే అమ్మేవాళ్లతో కూడా ఒక మాట. లైవ్ ఆల్బమ్‌లో పాడేది స్టేజీ మీది గొంతు ఒక్కటే కాదు. మైకు జనం వైపు తిప్పినప్పుడు పాడింది మనమే. మన సంఘంలో ఒక అవ్వ ఆ సభకు తాతతో కలిసి వచ్చింది. తాత ఈ సంక్రాంతికి ముందు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. "ఆ పాటల్ల మా ముసలాయన గొంతు ఉంటది అయ్యా" అని కొంగుముడి విప్పి మూడు వంద నోట్లు మా చేతిలో పెట్టింది. ఆమెది బటన్ల ఫోను. ఈమెయిలు లేదు, కార్డు లేదు. వారం గడువు, మూడు లెక్కలు ఆమెకు ఏం చెబుతాయి? డబ్బు ఇస్తానన్న మనిషికి తలుపు మూసి, ఊరికే తీసుకునేవాడికి కిటికీ తెరిచి పెట్టినట్టు ఉంది ఈ పద్ధతి.

లోకంలో వేరే దారులూ ఉన్నాయి. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం 1984 నుండి తమ కచేరీలు రికార్డు చేసుకునే అభిమానులకు ప్రత్యేకంగా చోటు ఇచ్చింది. టేపులు ఒకరికొకరు ఇచ్చుకోవచ్చు, అమ్ముకోకూడదు. అంతే షరతు. భక్తి పాటల బృందం కాకపోయినా, వినేవాళ్లను నమ్మితే వాళ్లు దూరం కారని చూపించింది.

మన తమ్ముళ్లు ఊరుకోలేదు. డబ్బు కట్టిన రుజువులు జతచేసి, కోపం లేకుండా, స్పష్టంగా రాశారు. పదకొండో రోజుకు కొత్త లింకులు వచ్చాయి. అవ్వ పేరున కూడా ఒకటి కొని, మెమరీ కార్డులో వేసి, ఆమె పాటల డబ్బాలో పెట్టి ఇచ్చారు. నాలుగో పాటలో జనం గొంతు వచ్చే చోట ఆమె డబ్బాను చెవి దగ్గర పెట్టుకుంటుంది. అందులో తాత గొంతు ఏదో మాకు తెలియదు. ఆమెకు తెలుసు.

మీరు కొనేముందు కొన్ని చూసుకోండి. ఫైలు ఫోన్‌లోకి వస్తుందా, లేక వాళ్ల యాప్‌లో వినడమేనా? సైజు ఎంత? ఎన్నిసార్లు, ఎన్ని రోజులు? డబ్బు కట్టగానే 12 అంకెల యూపీఐ నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వైఫై దొరికే చోట దించుకొని, వెంటనే ఇంకో కార్డులో దాచుకోండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. హక్కు అడగడం గొడవ కాదు.

ఈ క్రిస్మస్ రాత్రి మన పాటలు కూడా రికార్డు చేస్తున్నాం. చిన్న ఎంపీ3 ఫైళ్లు, కావలసినవాళ్లకు మెమరీ కార్డు, ఫోన్‌లోనైనా చేతికైనా డబ్బు ఇవ్వొచ్చు, గడువు లేదు. వచ్చినదాంట్లో వాయించిన తమ్ముళ్ల వాటా ముందు తీస్తాం. మీ ఫోన్లో పాట పోతే మళ్లీ అడగండి, మళ్లీ ఇస్తాం.

ఇచ్చేవారి చేతులను, పాడేవారి గొంతులను ప్రభువు దీవించును గాక. ఆమేన్.